ఓటు లేకపోయినా కుర్చీ దొరికింది: టెక్సస్ స్కూల్ డిస్ట్రిక్ట్ కమిటీలో ఒక ఏడాది

2022 ఆగస్టులో బడులు తెరిచిన వారం మా స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులన్నిటినీ నడిపే సంస్థ) నుంచి మెయిళ్లు వరసపెట్టి వచ్చాయి. బస్సు రూట్లు, క్రోమ్‌బుక్‌కి పూచీ కాగితం, కోవిడ్ రోజుల్లో అందరికీ ఊరికే పెట్టిన లంచ్‌కి ఇక నుంచి మళ్లీ డబ్బు కట్టాలన్న కబురు. వీటి మధ్యలో స్కూల్ హెల్త్ అడ్వైజరీ కౌన్సిల్‌లోకి, అంటే ఆరోగ్య పాఠాల మీద డిస్ట్రిక్ట్‌కి సలహా ఇచ్చే కమిటీలోకి, తల్లిదండ్రులు కావాలంటూ ఒక మెయిలు, సెప్టెంబరు 2 ఆఖరు తేదీ. మామూలుగా అయితే చూడకుండా డిలీట్ కొట్టేదాన్ని. ఆ పూట ఆఫీసు కాల్‌లో మ్యూట్ పెట్టుకుని కూర్చున్నాను కాబట్టి మొత్తం చదివాను.

మేముండేది ఆస్టిన్‌కి ఉత్తరాన. డిస్ట్రిక్ట్ పేరు రాయడం లేదు, మనుషుల గురించి చెప్పాల్సి వస్తుంది గనక. ఈ దేశం వచ్చి పదేళ్లు దాటింది, గ్రీన్ కార్డు క్యూలో ఉన్నాం, ఎప్పటికి తేలుతుందో ఆ పైవాడికే తెలియాలి. టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదన్న సంబరం ఇల్లు కొని మొదటి ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు చూసేదాకానే. ఆ బిల్లులో సిటీ, కౌంటీల వాటా కన్నా స్కూల్ డిస్ట్రిక్ట్ వాటానే పెద్దది. ఆ డబ్బు మీద పెత్తనం చేసే ఏడుగురు ట్రస్టీలని, అంటే స్కూల్ బోర్డు సభ్యుల్ని, ఎన్నుకోవడానికి మాత్రం మాకు ఓటు లేదు. కాబట్టి ఈ కమిటీ కూడా సిటిజన్లకే అయ్యుంటుందనుకున్నాను.

ఫారం తెరిస్తే ఆ ప్రశ్నే లేదు. పిల్లలు ఏ స్కూల్లో చదువుతున్నారు, మీరు డిస్ట్రిక్ట్ ఉద్యోగా, ఈ కమిటీలోకి ఎందుకు రావాలనుకుంటున్నారు, అంతే. అయినా నమ్మకం కుదరక కోఆర్డినేటర్‌కి మెయిలు పెట్టాను. మర్నాడు మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. రాష్ట్ర చట్టం అడిగేదల్లా కౌన్సిల్‌లో ఎక్కువమంది ఈ డిస్ట్రిక్ట్‌లో చదివే పిల్లల తల్లిదండ్రులై ఉండాలి, వాళ్లు డిస్ట్రిక్ట్ ఉద్యోగులు కాకూడదు అని. వీసా ఊసు ఎక్కడా లేదు. మా తెలుగువాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు నాకు ఇంతవరకూ తగల్లేదు, అందుకే ముందే రాస్తున్నాను.

"ఎందుకు రావాలనుకుంటున్నారు" అన్న గడి దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. నిజం చెప్పాలంటే కారణం మా బాబు. ఏడో తరగతిలోకి వచ్చాడు, గొంతు మారుతోంది, గది తలుపు మూసుకుంటున్నాడు. వాడితో మాట్లాడాల్సిన మాటలు కొన్ని ఉన్నాయని నాకు తెలుసు, మా ఆయనకి తెలుసు, ఇద్దరం ఒకరి వైపు ఒకరు చూసి ఊరుకుంటున్నాం. ఇదంతా రాయలేను కదా. "మిడిల్ స్కూల్ హెల్త్ పాఠాల గురించి తెలుసుకోవాలని ఉంది" అని రాసి పంపించాను.

తర్వాత వాలంటీర్ బ్యాక్‌గ్రౌండ్ చెక్. డ్రైవింగ్ లైసెన్సు స్కాన్ చేసి పంపమన్నారు. వీసా మీద ఉన్నవాళ్ల లైసెన్సు మీద ఇక్కడ "లిమిటెడ్ టర్మ్" అని అచ్చు వేస్తారు. అది చూసి ఏమంటారో అని మనసులో పీకుతూనే ఉంది. ఎవరూ ఏమీ అనలేదు, వారం పైన పట్టింది, క్లియర్ అని మెయిలు వచ్చింది.

సెప్టెంబరు నెలాఖరు బోర్డు మీటింగ్‌లో మా నియామకం. ఇంట్లో కూర్చుని లైవ్ పెట్టుకున్నాను, మా ఆయన్ని, పిల్లల్ని కూడా పిలిచాను. పేరు చదువుతారు, ఏదో ఒక మాట అంటారు అనుకున్నాం. అలాంటిదేమీ లేదు. కన్సెంట్ ఎజెండా అని ఒక పెద్ద మూట ఉంటుంది. పోయిన మీటింగ్ మినిట్స్, పాల కాంట్రాక్టు, బస్సు టైర్ల కొనుగోలు, హెల్త్ కౌన్సిల్ సభ్యులు, అన్నీ కలిపి ఒకటే ఓటు. ఏడుగురూ చెయ్యెత్తారు, అయిపోయింది. మా పాప "ఇంతేనా అమ్మా?" అని లేచి వెళ్లిపోయింది. పోనుపోను నాకు అర్థమైంది, డిస్ట్రిక్ట్‌లో చాలా నిర్ణయాలు ఇలాగే పాల కాంట్రాక్టు పక్కన పడుకుని బయటికి వస్తాయి. ఎజెండా అప్పట్లో మీటింగ్‌కి 72 గంటల ముందు వెబ్‌సైట్‌లో పెట్టి తీరాల్సి ఉండేది. అది తెరిచి ఆ మూట విప్పి చూసే అలవాటు ఉంటే సగం సంగతులు ముందే తెలుస్తాయి.

అక్టోబరులో మొదటి మీటింగ్. సోమవారం సాయంత్రం ఆరు గంటలకి, డిస్ట్రిక్ట్ ఆఫీసు వెనక వైపు గదిలో. మడత బల్లలు గుర్రపు నాడా ఆకారంలో వేసి ఉన్నాయి, ఒక మూల చల్లారిపోయిన పిజ్జా. ఇద్దరు నర్సులు, పీఈ కోఆర్డినేటర్, కౌన్సెలర్, కెఫెటీరియాలు చూసే ఆవిడ, పిల్లల డాక్టరు, చర్చిలో యువకుల బృందాన్ని నడిపే పాస్టరు, హైస్కూల్ పిల్లలు ఇద్దరు, మిగతా అంతా నాలాంటి తల్లులూ తండ్రులూ. చట్టం ప్రకారం ఛైర్ గానీ కో-ఛైర్ గానీ ఆ తల్లిదండ్రుల్లో ఒకరై ఉండాలి.

అందరి ముందూ ఈ కౌన్సిల్ గురించిన చట్టం, టెక్సస్ ఎడ్యుకేషన్ కోడ్ సెక్షన్ 28.004, జిరాక్సు పెట్టారు. బల్ల మధ్యలో చిన్న రికార్డరు. మినిట్స్‌తో పాటు మా మాటల రికార్డింగు కూడా డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో పెట్టాలట, 2021లో మార్చిన చట్టం. అది విన్నాక ఆ పూట నేను నా పేరు తప్ప మరో మాట మాట్లాడలేదు. నా ఇంగ్లీషు యాస ఎప్పటికీ ఇంటర్నెట్‌లో ఉండిపోతుందన్న భయం. నవ్వుకోండి, ఫరవాలేదు.

నేననుకున్నట్టు కాదు, మొదటి మీటింగుల్లో మిడిల్ స్కూల్ హెల్త్ పాఠాల ప్రస్తావనే రాలేదు. ఎలిమెంటరీ పిల్లలకి రీసెస్ (ఆటవిడుపు) ఎన్ని నిమిషాలు ఉండాలి అన్నదాని మీద ఒక గంట. బాత్‌రూముల్లో వేపింగ్ (ఈ-సిగరెట్లు పీల్చడం) మీద ఇంకో గంట. ఆ వేసవిలో ఆస్టిన్‌కి దక్షిణాన హేస్ కౌంటీలో హైస్కూల్ పిల్లలు ఫెంటనిల్ అనే ప్రాణాంతకమైన మత్తుమందు కలిసిన మాత్రలు మింగి చనిపోయారు, ఆ భయం గదిలో అందరి మొహాల్లోనూ ఉంది. ఆ మత్తుకి విరుగుడైన నాలోక్సోన్ స్ప్రే ప్రతి స్కూల్లో ఎవరి దగ్గర ఉండాలి, నర్సు లేని సాయంత్రం ఆటల వేళ ఎవరు వాడాలి అని నర్సులు అడిగిన ప్రశ్నలకి అక్కడ జవాబు ఉన్నవాళ్లు లేరు.

నవంబరు 8న ఎన్నికలు. మా దగ్గర ట్రస్టీల ఎన్నిక గవర్నర్ ఎన్నికతో కలిసే వస్తుంది. బ్యాలెట్‌లో పైన గవర్నరు, ఆ కింద జడ్జీలు జడ్జీలు జడ్జీలు, ఎక్కడో అడుగున స్కూల్ బోర్డు. ట్రస్టీల పేర్ల పక్కన పార్టీ ఉండదు. పార్టీ గుర్తు ఒక్కటి నొక్కితే అన్నీ పడిపోయే పద్ధతిని 2020 నుంచి టెక్సస్ ఎత్తేసింది, ఒక్కొక్కటీ విడిగా నొక్కుకుంటూ పోవాలి. సిటిజన్‌షిప్ వచ్చిన ఒక స్నేహితుణ్ణి "స్కూల్ బోర్డుకి ఎవరికి వేశావు?" అని అడిగాను. "అంత కిందిదాకా ఎవరు వెళ్తారే, పైన నాలుగు నొక్కి వచ్చేశా" అన్నాడు. వాడి పిల్లలు ఇద్దరూ ఇదే డిస్ట్రిక్ట్‌లో చదువుతున్నారు. ఓటు లేని నాకు ఆ రాత్రి ఎంత మండిందో చెప్పలేను.

డిసెంబరు బోర్డు మీటింగ్‌లో అసలు పని మా చేతికి వచ్చింది. లైంగిక ఆరోగ్యం పాఠాల సామగ్రి మార్చాలంటే బోర్డు ముందుగా ఒక తీర్మానం చేసి, దీని మీద సిఫార్సు ఇవ్వండని కౌన్సిల్‌ని కోరాలి. మార్చడం ఎందుకంటే, రాష్ట్రంలో ఏ తరగతికి ఏం నేర్పాలో ఖాయం చేసే స్టేట్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్, ఎన్నికైన పదిహేనుమంది, హెల్త్ ప్రమాణాలని 1997 తర్వాత మొదటిసారి 2020 నవంబరులో తిరగరాసింది. అవి 2022 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చాయి. ఏడు, ఎనిమిది తరగతుల్లో గర్భనిరోధకాల గురించి చెప్పడం అందులో కొత్త. మా డిస్ట్రిక్ట్ దగ్గరున్న పాఠాలు పాతవి. పైగా హైస్కూల్లో హెల్త్ చదివి తీరాలన్న నిబంధనని రాష్ట్రం 2009లోనే తీసేసింది, కాబట్టి చాలామంది పిల్లలకి మిడిల్ స్కూలే ఆఖరి అవకాశం.

జనవరి అంతా చదవడం. రెండు రకాల సామగ్రి, ఒకటి ప్రచురణకర్త అమ్మేది, ఒకటి మా టీచర్లు తయారుచేసుకున్నది. డిస్ట్రిక్ట్ ఆఫీసులో ఒక గది, రిజిస్టరులో సంతకం పెట్టి లోపల కూర్చుని చదువుకోవాలి. పని వేళల్లోనే తెరిచి ఉంటుంది. ఆఫీసులో సగం రోజుల సెలవులు అలా కరిగిపోయాయి. ఈ పనికి జీతం భత్యం ఏమీ ఉండదు, ట్రస్టీలకే ఉండదు, మనకెక్కడిది? మీటింగ్ రోజుల్లో మా ఆయనకి ఇండియా టీమ్‌తో కాల్ ఉంటే పాపని చూసుకోవడానికి పక్క వీధి అమ్మాయికి గంటకి 15 డాలర్లు ఇచ్చాం. దరఖాస్తు పెట్టే ముందు ఇది లెక్కలో వేసుకోండి.

ఒక పాఠం గురించి చెప్తాను. ఎనిమిదో తరగతిది, పట్టిక ఒకటి. ఎడమ పక్క గర్భనిరోధక పద్ధతుల పేర్లు, కుడి పక్క అవి ఎంతవరకు పనిచేస్తాయన్న అంకెలు. ప్రచురణకర్త పుస్తకంలో కండోమ్ ఎదురుగా రెండు అంకెలు ఉన్నాయి: తు.చ. తప్పకుండా వాడితే 98 శాతం, జనం మామూలుగా వాడే తీరులో 87 శాతం. టెక్సస్ చట్టం ఏమంటుందంటే, చెప్తే నిజ జీవితంలో తేలిన అంకెలే చెప్పాలి, ప్రయోగశాల అంకెలు కాదు. మరి 98ని ఉంచాలా, కొట్టేయాలా? పాస్టరు కొట్టేయమన్నాడు, పిల్లలకి లేనిపోని ధీమా ఇస్తుందని. డాక్టరు ఉంచమంది, రెండింటికీ మధ్య తేడా ఎందుకొస్తుందో చెప్పడమే పాఠం కదా అని. ఇద్దరి మాటలోనూ విషయం ఉంది. చట్టంలో ఇంకా ఉన్నాయి. పెళ్లికాని, బడి వయసు పిల్లలకి లైంగిక సంబంధాలకి దూరంగా ఉండడమే మొదటి మార్గమని చెప్పాలి, మిగతా ఏ విషయం కన్నా దానికే ఎక్కువ చోటివ్వాలి. మేం స్కేలు పెట్టి కొలిచినట్టుగా పేజీలు లెక్కపెట్టాం.

ఈ చర్చలో నేను మొదటిసారి నోరు తెరిచాను. తెరిచానే కానీ కండోమ్ అన్న మాట బయటికి రాలేదు, "ఆ మూడో వరస" అన్నాను. ఇద్దరు పిల్లల తల్లిని, బల్లకి అటు పక్కన హైస్కూల్ కుర్రాడు ఏ తడబాటూ లేకుండా మాట్లాడుతున్నాడు. ఇంటికొచ్చి మా ఆయనకి చెప్తే ఉతికిన బట్టలు మడత పెడుతూ అరగంట నవ్వాడు. ఆ తర్వాత ఒకసారి నేను ఫోన్‌లో డాక్టరుతో ఆ పట్టిక గురించే మాట్లాడుతుంటే, మా అత్తగారు ఇండియా నుంచి వీడియో కాల్‌లో ఉన్నారని గుర్తుచేస్తూ గదిలోంచి తల ఊపి సైగలు చేశాడు. అప్పటికి నాకు సిగ్గు పోయింది.

సిఫార్సు ఇచ్చే ముందు కనీసం రెండు బహిరంగ సమావేశాలు పెట్టాలి. మొదటిది ఫిబ్రవరి 1న అని నోటీసు వేశారు. ఆ వారం ఆస్టిన్ గుర్తున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. జనవరి 31 నుంచి గడ్డకట్టే వాన, రాత్రంతా ఓక్ చెట్ల కొమ్మలు దీపావళి టపాసుల్లా పటపటా విరిగిపడ్డాయి, కరెంటు పోయింది, బడులు మూసేశారు. మా ఇంట్లో రెండు రాత్రులు గ్యాస్ పొయ్యి మీద పులుసు కాచుకుని అందరం ఒకే గదిలో పడుకున్నాం. మీటింగ్ మళ్లీ పెట్టాలంటే మళ్లీ నోటీసు, మళ్లీ గది ఖాళీ చూసుకోవడం, అలా ఫిబ్రవరి ఆఖరి వారానికి జరిగింది.

ఆ ఆలస్యంలో వాట్సాప్ తన పని తను చేసుకుపోయింది. మా కాలనీ తెలుగు గ్రూపులో ఒక ఫార్వర్డ్. ఒకటో తరగతి నుంచే బడిలో బూతులు నేర్పబోతున్నారు, మన కమ్యూనిటీ వాళ్లే కమిటీలో కూర్చుని ఒప్పుకుంటున్నారు, మన సంస్కృతిని కాపాడుకోండి అని. పేరు రాయలేదు కానీ కమిటీలో ఉన్న తెలుగు మనిషిని నేనొక్కదాన్నే. సంక్రాంతికి మా ఇంట్లో అరిసెలు తిన్న ఒకావిడ ఆ మెసేజ్ కింద చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన వాళ్లం పిల్ల పెద్దమనిషి అయిందని హాలు మాట్లాడి, డ్రోన్ కెమెరా పెట్టి, రెండొందలమందికి భోజనాలు పెట్టి హాఫ్ శారీ ఫంక్షన్ చేస్తాం. ఆ పిల్లకి లోపల ఏం జరుగుతోందో బడిలో చెప్తానంటే మాత్రం సంస్కృతి అడ్డం వస్తుంది. గ్రూపులో ఇది టైపు చేసి, పంపకుండా చెరిపేశాను. బదులుగా సామగ్రి చదువుకునే గది అడ్రసు, వేళలు పెట్టాను. ఒక్కరే "థాంక్స్ అక్కా" అన్నారు.

ఫిబ్రవరి సమావేశానికి జనం బాగా వచ్చారు. మాట్లాడాలంటే ముందే పేరు రాయించుకోవాలి, మనిషికి మూడు నిమిషాలు. బల్ల మీద చిన్న లైటు, పచ్చ, పసుపు, ఎరుపు. ఎరుపు పడితే వాక్యం మధ్యలో ఉన్నా ఆపాల్సిందే. మేం జవాబు చెప్పకూడదు, రాసుకోవాలి అంతే. బయటినుంచి చూసేవాళ్లకి అది పొగరులా కనిపిస్తుందని అప్పుడే అర్థమైంది. కన్నీళ్లు పెట్టుకున్న ఒక తల్లి వైపు రాతి బొమ్మల్లా చూస్తూ కూర్చోవడం నాకు చాలా కష్టమైంది. పదకొండో తరగతి అమ్మాయి ఒకతి వచ్చి, తనకి తెలిసిందంతా తోటి పిల్లల ఫోన్లలో చూసిందేనని, అందులో సగం అబద్ధమని తర్వాత తెలిసిందని చెప్పి, ఒక నిమిషం మిగిలి ఉండగానే కూర్చుంది.

ఆ తర్వాత మైకు దగ్గరికి వచ్చింది మన తెలుగాయన. చక్కగా ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాగితం మీద రాసుకొచ్చుకున్నారు. ఇవి ఇంట్లో చెప్పాల్సిన విషయాలు, మేం చెప్పుకుంటాం, మా అమ్మాయి ముందు, పాతికమంది మగపిల్లల మధ్య వద్దు అన్నారు. ఎరుపు లైటు పడకముందే నమస్కారం పెట్టి దిగారు. మీటింగ్ అయ్యాక పార్కింగ్‌లో నా కారు దగ్గరికి వచ్చారు. తిడతారేమో అని తాళం చెవి గట్టిగా పట్టుకున్నాను.

"ఏమ్మా, మీది ఒంగోలు వైపా?"

"అవునండీ, మీకెలా తెలుసు?"

"మాట్లాడితే తెలియదా. మాది చీరాల. చూడమ్మా, నేను ఆ పుస్తకాలు చూడలేదు. గ్రూపులో వచ్చిందే చూశాను. అందులో నిజంగా ఏముంది?"

వచ్చి చదవండన్నాను. వచ్చారు. ఒక మంగళవారం లంచ్ టైములో భార్యతో కలిసి వచ్చి, రిజిస్టరులో సంతకాలు పెట్టి ఎనిమిదో తరగతి సామగ్రి మొత్తం చదివారని కోఆర్డినేటర్ చెప్పింది. మార్చి నెలాఖరులో, స్ప్రింగ్ బ్రేక్ అయ్యాక జరిగిన రెండో సమావేశంలో ఆయన మళ్లీ మాట్లాడారు. ఈసారి పాఠాలు వద్దనలేదు, ఆడపిల్లలకీ మగపిల్లలకీ విడివిడిగా చెప్పమన్నారు. చట్టంలో దానికి చోటుంది. మా కౌన్సిల్‌లో ఎవరికీ అభ్యంతరం లేకపోయింది, సిఫార్సులో ఒక వాక్యంగా చేరింది. మూడు నిమిషాల మాట కాగితం మీదికి ఎక్కడం నేను కళ్లారా చూసింది ఆ ఒక్కసారే. ఎక్కువమంది "మొత్తం ఆపేయండి" అనో "మొత్తం ఒప్పుకోండి" అనో చెప్పి వెళ్లారు, వాటితో ఏం చేయాలో మాకు పాలుపోలేదు. బోర్డు ముందుకి వెళ్లేవాళ్లు ఏ పేజీలో ఏ ముక్క మార్చాలో చెప్తే పని జరిగే అవకాశం ఎక్కువ.

అదే రాత్రి కౌన్సిల్ ఓటు. 98, 87 రెండూ ఉంచి, పక్కన వివరణ వాక్యం పెట్టాలని తేలింది. పాస్టరు, ఇంకొకాయన వ్యతిరేకించారు. తర్వాత పాస్టరే వచ్చి కుర్చీలు మడత పెట్టడంలో సాయం చేశాడు, ఆయనంటే నాకు గౌరవం పెరిగింది. నేను అడిగింది ఒకటి కాలేదు. తల్లిదండ్రుల అనుమతి పత్రాన్ని మన భాషల్లో కూడా పంపమన్నాను. స్పానిష్ తప్ప మిగతా భాషలకి ఏర్పాటు లేదు, ఈ ఏడాదికి డబ్బు కేటాయించలేదు అన్నారు. మా స్కూళ్లలో తెలుగు మాట్లాడే పిల్లలు ఎంతమంది ఉన్నారో వాళ్లకి తెలియనిదేమీ కాదు.

ఏప్రిల్ బోర్డు మీటింగ్ ఏడింటికి మొదలైంది. మా అంశం వచ్చేసరికి పదిన్నర. ముందు ఒక స్కూలు పైకప్పు మరమ్మతు, ఆ తర్వాత టీచర్ల జీతాల మీద పొడుగాటి చర్చ, ఆ పైన తలుపులు మూసుకుని లోపల ఒక గంట. వెంట తినడానికి ఏదైనా తెచ్చుకోండి, లోపల మంచినీళ్లు తప్ప ఏమీ దొరకవు. ట్రస్టీలు అడిగిన ప్రశ్నలు చూస్తే ఇద్దరు ముగ్గురు సామగ్రి నిజంగా చదివారని, ఒకాయన చదవలేదని తెలిసిపోయింది. అయిదుగురు ఔనన్నారు, ఇద్దరు కాదన్నారు. మా ఛైర్‌పర్సన్ నా చెయ్యి గట్టిగా నొక్కింది. కొన్ని నెలల పని, ఓటుకి పట్టింది అర నిమిషం.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. అసలు కథ మే నెలలో మొదలైంది.

2021 చట్టం ప్రకారం అప్పట్లో తల్లిదండ్రులు వద్దంటే ఆపడం కాదు, కావాలని సంతకం చేస్తేనే చెప్పాల్సి ఉండేది. పాఠానికి కనీసం 14 రోజుల ముందు పత్రం ఇంటికి పంపాలి, సంతకంతో తిరిగి రావాలి, అదీ లెక్క. రాకపోతే ఆ పిల్లవాడు ఆ గంట లైబ్రరీలో కూర్చుంటాడు. రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షలు అయ్యాక, బడి మూసే ముందు వారాల్లో పాఠాలు పెట్టారు. పత్రం బ్యాగుల్లో పంపారు, పేరెంట్ పోర్టల్‌లోనూ పెట్టారు. మిడిల్ స్కూల్ పిల్లాడి బ్యాగు అడుగున ఏముంటుందో తల్లులకి చెప్పాలా? మా బాబు పత్రం పిప్పరమెంటు కాగితాలతో కలిసి నలిగి ఉంటే నేనే వెతికి తీశాను, అది వస్తుందని తెలుసు కాబట్టి.

గడువుకి నాలుగు రోజుల ముందు టీచరు చెప్పింది, సగం పత్రాలు కూడా తిరిగి రాలేదని. అవి వద్దనుకున్న ఇళ్లు కావు, చూడని ఇళ్లు. పైగా పత్రాలు రెండు. పిల్లల మీద అఘాయిత్యాలు, ఇంట్లో హింస, డేటింగ్‌లో హింస, మనుషుల అక్రమ రవాణా, వీటినుంచి ఎలా కాపాడుకోవాలో చెప్పే పాఠానికి కూడా అదే ఏడాది వచ్చిన ఇంకో చట్టం ప్రకారం విడిగా సంతకం కావాల్సి వచ్చింది. ఇది నన్ను చాలా బాధపెట్టింది. ఆ పాఠం ఎవరికి అన్నిటికన్నా అవసరమో, వాళ్లింట్లో సంతకం పెట్టాల్సింది ఎవరో ఆలోచించండి. కౌన్సిల్‌లో ఈ మాట అన్నాను. చట్టం అది, మనం మార్చలేం, లెజిస్లేచర్ చేతిలో ఉంది అన్నారు. నిజమే.

ఆ రాత్రి గ్రూపులో తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టాను. సంతకం పెట్టండి అని చెప్పలేదు, కమిటీలో ఉండి అలా చెప్పడం నాకు నచ్చలేదు. పత్రాలు రెండున్నాయి, బ్యాగులో చూడండి, ఊరుకుంటే వద్దన్నట్టే లెక్క, ఏదో ఒకటి తెలిసి చేయండి అన్నాను. పది నిమిషాల్లో ఫోన్లు మొదలయ్యాయి. "అక్కా, ఇది ఫీల్డ్ ట్రిప్ ఫారం అనుకున్నా." "వదినా, మావాడు నాకివ్వకుండా వాడే 'నో' అని గీసేశాడు." ఒకావిడ, ఫార్వర్డ్ కింద చేతులు జోడించినావిడే, మెల్లిగా అడిగింది: "పాఠంలో నెలసరి గురించి కూడా ఉంటుందా? నాకు మా అమ్మ ఏమీ చెప్పలేదు. దీనికి నేనూ చెప్పలేకపోతున్నాను." ఉంటుందన్నాను. చీరాల ఆయన అఘాయిత్యాల పత్రం మీద సంతకం పెట్టి, రెండోది వదిలేశారట, ఇంట్లో తామే చెప్పుకుంటామని. చదివి తీసుకున్న నిర్ణయం కదా, నాకేం అభ్యంతరం?

మా బాబు సంగతి అడుగుతారు కదా. సంతకం పెట్టాను. పాఠం అయిన రోజు కారులో ఎక్కగానే "ఎలా ఉందిరా?" అన్నాను. "బోరింగ్" అన్నాడు. రెండు రోజుల తర్వాత రాత్రి అన్నం తింటూ తండ్రిని ఒక ప్రశ్న అడిగాడు. మా ఆయన జవాబు చెప్పాడు, కొంచెం తడబడ్డాడు కానీ చెప్పాడు.

కౌన్సిల్ ఏడాదికి ఒకసారి బోర్డుకి రాతపూర్వకంగా నివేదిక ఇవ్వాలి, అది జూన్ మొదటి వారంలో వెళ్లిపోయింది. సంతకాలు రాని పత్రాల సంగతి అందులో రాయించాను, భాషల సంగతి కూడా. వచ్చే ఏడాదికి మళ్లీ దరఖాస్తు పెట్టాను. టెక్సస్‌లో ప్రతి డిస్ట్రిక్ట్‌లోనూ ఈ కౌన్సిల్ ఉండి తీరాలి, ఏడాదికి కనీసం నాలుగుసార్లు కూడాలి. మీ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో హెల్త్ సర్వీసెస్ పేజీ కింద వెతకండి, హోమ్ పేజీలో ఎక్కడా కనిపించదు. దరఖాస్తులు ఆగస్టులో తీసుకుంటారు, కొన్నిచోట్ల మే నెలలోనే మూసేస్తారు. దొరక్కపోతే కోఆర్డినేటర్‌కి మెయిలు పెట్టండి, మాకైతే ఆ ఏడాది ఇంకా రెండు కుర్చీలు ఖాళీగా మిగిలాయి.